పిడికెడు కొసరు

బడిలో పొద్దున ప్రార్థన జరుగుతుండగా నా మనవరాలు నిలబడ్డ చోటే కూలిపోయింది. మూడో తరగతి పిల్ల. టీచరమ్మ ఫోన్ చేయగానే కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నేను దుకాణం షట్టర్ దించి, మోకాళ్ళు సహకరించినంత వేగంగా వెనక వెళ్ళాను. అక్కడి నుంచి ముగ్గురం ఆటోలో మా ఛత్రినాకలోనే ఉన్న డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమెది కోస్తా వైపు. ఈ బస్తీలో ఏళ్ళ తరబడి వైద్యం చేస్తున్నా మాట మాత్రం ఇంకా ఆ వైపుదే.

రక్తం తీశారు. సాయంత్రం మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆమె కాగితం చూస్తూ, “రక్తం బాగా తక్కువగా ఉందండీ. రోజంతా ఏం తింటుంది పాప?” అని అడిగింది.

“అన్నం ముందట కూసుంటె రెండు ముద్దలు మింగదు మేడం. ఆకలైతలేదంటది,” అంది కోడలు.

“అన్నం కాకుండా?”

ఈసారి పిల్లే జవాబు చెప్పింది. దానికి అబద్ధం రాదు. “ప్యాకెట్లు తింట. చాయ్ తాగుత.”

“టీ తాగుతావా! ఎవరిస్తారమ్మా నీకు?”

“పొద్దుగాల తాత సాసర్ల. పొద్దుమీకి సుత తాత సాసర్లనే.”

గదిలో అందరూ నా వైపు చూశారు. కాంపౌండరు కూడా. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, సాసర్లో చాయ్ పోసి, ఊదుకుంటూ ఇద్దరం తాగడమంటే నాకు రోజు మొత్తంలో అదే పండగ. దాన్ని పట్టుకుని ఆ డాక్టరమ్మ, “పెద్దాయన గారూ, మీరు ముద్దుగానే ఇస్తారు. కానీ టీ ఉంది చూశారూ, అన్నంలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఇక ప్యాకెట్లు కడుపు నింపేస్తాయి, ఆపైన అన్నానికి చోటేదీ?” అంది.

మూడు నెలలకు మందు రాసింది. పప్పులు, పల్లీలు, ఆకుకూరలు, గుడ్డు, వాటి మీద ఇంత నిమ్మకాయ పిండి పెట్టమంది. “మూడు నెలల తరవాత మళ్ళీ రక్తం చూస్తాను. పెరిగితే సరే. పెరగలేదంటే పెద్దాసుపత్రిలో చేర్చి, ఎందుకు పెరగటం లేదో అన్ని పరీక్షలూ చేయించాల్సిందే.”

“సూదులు పొడుస్తరా?” అని అడిగింది పిల్ల.

“పొడుస్తారమ్మా. చాలా.”

అది ఏడవలేదు. నా బొటనవేలు పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

దారి పొడవునా నేను తిడుతూనే ఉన్నాను. ఆ ప్యాకెట్లు చేసే కంపెనీలను తిట్టాను. టీవీలో వాటిని పట్టుకుని గంతులేసే వాళ్ళను తిట్టాను. బడి గేటు పక్కన అమ్మనిచ్చే వాళ్ళనూ, చూస్తూ ఊరుకునే సర్కారునూ వదల్లేదు. ఆటో అతను అద్దంలో నన్ను చూసి నవ్వుకుంటున్నాడు. గల్లీ మలుపు తిరగ్గానే నా నోరు పడిపోయింది. ఎదురుగా నా దుకాణం. దాని నొసటి మీద ఎర్రవి, పచ్చవి, నీలివి, దండలు దండలుగా వేలాడుతున్న ప్యాకెట్లు. మా వ్యాపారంలో వాటిని లడీలంటారు. వాటిని మేకులకు తగిలించింది నేనే. రోజూ పొద్దున వాటి దుమ్ము దులిపేది కూడా నేనే.

ఆ దుకాణం మా నాయిన పెట్టింది. నేను బడికి పోయింది రెండేళ్ళే. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద సాగింది. పప్పు కట్టే ముందు కాగితం మీద ఏముందో చదివి, తర్వాత కట్టేవాణ్ణి. సగం వార్త తెలిసేది, మిగతా సగం ఎవరింటికో పొట్లమై పోయేది. అట్లా తెలుగు వచ్చింది. డబ్బాల మీది రాతలు చూసి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఇప్పటికీ అచ్చులో ఏది కనబడినా భూతద్దం పెట్టి చివరి దాకా చదవందే వదలను.

ఆ రోజుల్లో దుకాణంలో కొసరు ఉండేది. ఏదో ఇంటి నుంచి ఒక పిల్ల వచ్చి నూనె, చింతపండు, ఉప్పు తీసుకునేది. సామాను చేతికిచ్చినా కదిలేది కాదు. గల్లా పక్కన నిలబడి కళ్ళు పైకెత్తి చూసేది. మా నాయిన అప్పుడు సీసాల మూతలు తీసేవాడు. ఒకదాంట్లో పుట్నాలు, ఒకదాంట్లో పల్లీలు, ఇంకోదాంట్లో బెల్లం ముక్కలు. ఏది కావాలో పిల్లే చెప్పాలి. పిల్లే చెయ్యి పెట్టి తీసుకోవాలి. ఎవరి పిడికిలి ఎంతైతే వాళ్ళకంత. ఆశపడి పిడికిలి మరీ నింపితే చెయ్యి సీసా మెడలో ఇరుక్కుపోయేది. కొన్ని వదిలితే గానీ బయటికి రాదు. మా నాయిన నవ్వుతూ చూసేవాడే తప్ప, ఇన్నే తీసుకో అని ఒక్కరికీ చెప్పలేదు.

తర్వాత దుకాణం నా చేతికి వచ్చింది. కొంతకాలానికి ఒక ఏజెన్సీ మనిషి వచ్చి, అమ్మి చూడమని లడీ ఒకటి ఊరికే ఇచ్చి పోయాడు. సాయంత్రానికి దారం మాత్రమే మిగిలింది. సీసాలంటే తుడవాలి, పురుగు పట్టకుండా చూసుకోవాలి, వానాకాలం మెత్తబడకుండా కాపాడాలి. ప్యాకెట్‌కు ఈ తిప్పలేవీ లేవు. కొసరు అడిగిన పిల్ల చేతిలో చాక్లెట్ పెట్టడం మొదలుపెట్టాను. సీసాలు అటకెక్కాయి. ఈ గల్లీలో కొసరు అనే మాట ఎరగని పిల్లలు పెరిగారంటే, ఆ పని ఎవరో వచ్చి చేయలేదు.

ఆ రాత్రే లడీలన్నీ తెంపి గోనెసంచిలో కుక్కాను. మూడోనాడు ఏజెన్సీ అబ్బాయి ట్రాలీ ఆటో ఆపి దుకాణం వైపు చూసి నోరెళ్ళబెట్టాడు.

“ఏంది బాపూ, దుకాణం గిట్ల బోసిగున్నది? ఎవ్వలన్న పోయిన్రా ఏంది?”

“నీ లడీలు పోయినయ్. మూట కట్టి పెట్టిన, తీస్కపో.”

“గిరాకి మొత్తం పక్క గల్లీకి పోతది బాపూ. మళ్ల నువ్వే ఫోన్ చేస్తవ్.”

“పోనియ్. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. నీ పిల్లలకు పెడ్తవా గివి?”

వాడు సంచి భుజానికెత్తుకుంటూ మెల్లగా అన్నాడు. “మా ఇంట్ల తినరు బాపూ. మా ఆమె రానియ్యదు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కూడా కాదు, ఆ జవాబు మీద. ఊరందరి పిల్లలకు పంచుకుంటూ తిరిగే మనిషి ఇంట్లోకి రానివ్వని సరుకును నేను ఇన్నేళ్ళు నా మనవరాలి కళ్ళ ముందు వేలాడదీశాను.

ఇక రోజూ ఉపన్యాసాలే. బడి నుంచి రాగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, అందులో ఉప్పెంత, నూనెలెన్ని, రంగులేమిటి, ఏది తింటే ఏ రోగం వస్తుంది, అన్నీ చెప్పేవాణ్ణి. అది తల వంచుకుని వినేది. నా మాట ఎక్కుతోందనుకున్నాను. పదిహేను రోజులకు ఒక ఆదివారం కోడలు బడి గౌను ఉతకబోతూ జేబులో చెయ్యి పెట్టి, చిన్నగా, ఇంకా చిన్నగా మడిచిన ప్యాకెట్ కవరొకటి తీసి నా ముందు పెట్టింది.

“గల్లీకంత స్పీచ్‌లు ఇస్తున్నవ్ మామా. ఇంట్ల పిల్ల దొంగతనంగ తింటున్నది.”

నా చెయ్యి లేచింది. దించుకున్నాను. పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది. పాలిపోయిన ఆ మొహంలో కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

“ఎందుకు తిన్నవ్ బిడ్డా? చెప్పిన గద.”

“నువ్వు తినద్దని చెప్పినవ్. ఏం తినాలె చెప్పలె.”

“పప్పు, కూర, గుడ్డు…”

“గవి అన్నంల తింటరు తాతా. బడి ఇడిసినంక ఆకలైతది గద, అప్పుడేం తినాలె?”

ఇన్ని కాగితాలు చదివాను. పదిహేను రోజుల్లో ఒక్కసారి కూడా దాని చేతిలో తినడానికి ఏదీ పెట్టకుండా, చెవిలో మాత్రమే పోస్తూ వచ్చాను.

మర్నాడు సాయంత్రం ఉపన్యాసం మానేసి ఆ కవరునే బల్ల మీద పరిచి, భూతద్దం దాని చేతికిచ్చాను. ముందువైపు నిగనిగలాడే టమాటా బొమ్మ.

“గిండ్ల టమాటా ఉన్నదంటవా?”

“ఉన్నది. బొమ్మ ఉన్నది గద.”

“ఎనక చదువు. దేంతో ఎక్కువ చేసిన్రో దాని పేరు మొదట రాస్తరు. తక్కువున్నది ఆఖరుకు.”

దానిది ఇంగ్లీషు మీడియం. నాకంటే గబగబా చదివింది. పిండి, నూనె, ఉప్పు దాటి, చక్కెర దాటి, నోరు తిరగని పేర్లు నాలుగు దాటితే ఎక్కడో టమాటా పొడి. పిల్ల కవరును తిప్పి బొమ్మ చూసింది. మళ్ళీ తిప్పి రాత చూసింది. “ముందట గంత పెద్దగ బొమ్మ ఏసి, ఎనక గింత చిన్నగ రాసిన్రేంది! మోసం గదా తాతా!” అని అరిచింది. ఆ కోపం చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నా రక్తమే అనుకున్నాను.

ఆ తర్వాత రెండు రోజులు దుకాణంలో నాకు శాంతి లేదు. పిల్ల ఏ డబ్బా కనబడితే ఆ డబ్బా తిప్పి చదవడమే. మూడో రోజు నేను చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటుంటే పక్కన నిలబడింది. దానికి సాసర్ ఆపేసి చాలా రోజులైంది. నాది మాత్రం ఆగలేదు.

“తాతా, నీ బిస్కెట్ల మొదటిది మైదా. రెండోది చక్కెర. మూడోది నూనె.”

“గవి వేరే బిడ్డా. పెద్దోళ్ళ బిస్కెట్లు.”

అది భూతద్దం పెట్టి కవరంతా వెతికింది. “పెద్దోళ్ళయని ఎక్కడ రాసి లేదే!”

వంటింట్లోంచి కోడలి నవ్వు వినబడింది. చేతిలోని బిస్కెట్ మెత్తబడి చాయ్‌లో పడిపోయింది. ఆ కప్పును అట్లాగే తీసుకెళ్ళి మోరీలో పోశాను. సాయంత్రం చాయ్ ఆ రోజుతో సరి. పొద్దున చాయ్ పిల్ల బడికి పోయాకే. వారం రోజులు తల పగిలిపోయింది. ఎవరికీ చెప్పలేదు, పంతం నాది.

అటక మీది సీసాలు దింపి కడిగాం. ఆదివారం పిల్లను తీసుకుని పురానాపూల్ దగ్గర భట్టీకి పోయాను. శనగలను వేడి ఇసుకలో వేయించి పుట్నాలు చేసే భట్టీ అది. మా నాయిన కాలం నుంచీ అక్కడే కొనేవాళ్ళం. భట్టీ ఆయనకు నా వయసే. గడ్డం మొత్తం నెరిసింది. నన్ను చూసి చేతిలోని గరిటె ఆపాడు.

“అరే భాయ్! ఎన్నేండ్లకు యాదికొచ్చిన! దుకాణం బంద్ చేసినవనుకున్న.”

“బంద్ చేసినా బాగుండు. పాడు చేసిన.”

సంగతంతా చెప్పాను. ఆయన తల ఊపాడు. “అందరం గదే చేసినం భాయ్. నా మన్మలు ఈ భట్టీ పక్కన కూసోనే ప్యాకెట్లు చింపుతరు. నేనేమన్న అంటే నవ్వుతరు.”

పిల్ల ఇదేమీ వినడం లేదు. పెద్ద మూకుడులో నల్లటి ఇసుక మరుగుతున్నట్టు కదలడం, శనగలు చిటపటమని ఎగరడం చూస్తోంది. “ఇసుక సుత తినాల్నా?” అని అడిగింది.

“నక్కో బేటీ, జల్లెడ పడ్తం,” అని ఆయన జల్లించి, పొట్టు ఊది, దాని దోసిట్లో పోశాడు. “ఇగో, గరం గరం తిను.”

అది అన్నీ తినేసింది. చేతులు ఖాళీ అయ్యాక అరచేతులు వాసన చూసుకుంది.

దుకాణంలో కొసరు పెత్తనం దానికే అప్పగించాను. బడి నుంచి వచ్చాక ఒక గంట గల్లా పక్కన స్టూలెక్కి కూర్చోవాలి. సామానుకు వచ్చిన పిల్లలకు సీసా మూత తీయాలి. నియమాలు మా నాయినవే. ఏది కావాలో వాళ్ళే చెప్పాలి, వాళ్ళే తీసుకోవాలి.

మొదటి వారం ఘోరంగా నడిచింది. “చాక్లెట్ లేదా?” అని ఒకడు. “గివి ముసలోళ్ళు తింటరు,” అని ఇంకొకతె. ఒక చిన్నది నోట్లో వేసుకుని నా గడప మీదే ఉమ్మింది. దాన్ని పిలిచి, మా కాలంలో ఇవి దొరికితే ఎట్లా తినేవాళ్ళమో చెప్పబోయాను. మనవరాలు నా మోకాలి మీద తట్టి ఆపింది. తనూ నాలుగు నోట్లో వేసుకుని నమిలింది.

“తాతా, చప్పుడొస్తలేదు.”

“ఏం చప్పుడు?”

“కర్రుమనాలె. ప్యాకెట్ల అన్నీ కర్రుమంటయ్. గివి మెత్తగైనయ్.”

నిజమే. వానలు పడుతున్నాయి. ఇన్నేళ్ళు దుకాణం నడిపిన నాకు తోచలేదు. రంగు చూసి, ఉప్పు చూసి తింటారనే అనుకున్నాను. పిల్లలు చప్పుడు కూడా తింటారు. నా పళ్ళు ఊడి చాలా కాలమైంది, ఆ సంగతి ఎట్లా గుర్తుంటుంది!

మర్నాటి నుంచి బడి వదిలే వేళకు ముందు ఆ రోజుకు సరిపడా పుట్నాలు, పల్లీలు పెనం మీద మళ్ళీ వేడి చేసి, ఆరాక సీసాల్లో పోసి మూత బిగించేవాణ్ణి. మిగిలితే రాత్రి మేమే తినేవాళ్ళం. కొసరు మిగలడం కూడా త్వరలోనే ఆగిపోయింది. ఎందుకంటే పిల్ల ఇంకో పని మొదలుపెట్టింది. గిన్నెలో పుట్నాలు, పల్లీలు కలిపి, వాళ్ళమ్మ తరిగిచ్చిన ఉల్లిగడ్డ ముక్కలు వేసి, ఇంత కారం చల్లి, డాక్టరమ్మ చెప్పిన నిమ్మకాయ పిండి, కాగితం పొట్లాల్లో పోసి ఇచ్చింది. ముసలోళ్ళ తిండని వెక్కిరించిన పిల్ల నాలికతో పొట్లం అడుగు నాకింది. మర్నాడు ఉప్పు అవసరం లేకపోయినా ఉప్పు కొనడానికి వచ్చింది.

నేను పక్క నుంచి గమనిస్తున్నది వేరే. వాళ్ళకొక పొట్లం కట్టినప్పుడల్లా మనవరాలు తన నోట్లో కొంచెం వేసుకునేది. కారం సరిపోయిందా, చప్పుడు వస్తోందా చూడాలి కదా, పెత్తనం తనది. ఒకనాడు రాత్రి అన్నం దగ్గర మూడో ముద్ద తిని నాలుగోది అడిగింది. కోడలు ముద్ద కలుపుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉల్లిగడ్డ ఘాటని చెప్పింది. ఉల్లిగడ్డ కోసి అప్పటికి గంట దాటింది.

బోనాలు వచ్చాయి. మా ఛత్రినాకలో ఆ రోజు నేల ఈనినట్టు బండ్లు. రంగు షర్బత్తులు, పీచు మిఠాయి, నూనెలో తేలే బజ్జీలు, లడీలు కట్టిన గొడుగులు. పిల్ల చేతిలో ఒక నోటు పెట్టి, “నీ ఇష్టం బిడ్డా, నేనేమనను,” అన్నాను. ఆ మాట అనడానికి ముందు రోజు నుంచీ గుండె గట్టి చేసుకున్నాను. నేను పక్కన లేనప్పుడు ఏం తింటుందో తేల్చేది ఆ ఒక్క సాయంత్రమే.

అది బండ్ల చుట్టూ మూడుసార్లు తిరిగింది. లడీల గొడుగు దగ్గర ఆగి, ఒక ప్యాకెట్ తిప్పి చూసి, వదిలేసింది. నిప్పుల మీద కాల్చిన మక్క కంకి కొని, నిమ్మ చెక్కతో ఉప్పూ కారం రుద్దించుకుంది. నేను ఊపిరి పీల్చుకునేలోపు గోలా బండి దగ్గరికి పోయి ఎర్ర రంగు పోసిన ఐసు ముద్ద కొనుక్కుంది. నా నోరు తెరుచుకుంది.

“ఏమనకు మామా,” అని కోడలు నా మోచెయ్యి పొడిచింది. “నీ ఇష్టమన్నవ్ గద.”

మాట మింగేశాను. ఇంటికి వస్తూ పిల్ల ఎర్రటి నాలిక బయటపెట్టి చూపించి, నేను అడక్కుండానే చెప్పింది. “గోలా మీద ఎనక ఏం రాసి లేదు తాతా. ఏం కలిపిండ్రో ఏమో. గందుకే ఒక్కటే తిన్న.”

మూడు నెలలు నిండాయి. రక్తం ఇచ్చి, సాయంత్రం వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం. పిల్ల మళ్ళీ నా బొటనవేలు పట్టుకుంది. పుట్నాలకు రక్తం వస్తుందా, నా పంతానికి పిల్లను ఆసుపత్రి పాలు చేస్తున్నానా, అనే ఆలోచన అప్పటిదాకా రానివ్వలేదు. ఆ బెంచీ మీద వచ్చింది.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. “పెరిగిందండీ. బాగానే పెరిగింది. ఇంకా పెరగాలి, మందు ఇంకో మూడు నెలలు వాడదాం. తిండి ఇట్లాగే సాగించండి. పెద్దాసుపత్రి అక్కర్లేదు.”

“సూదులు లెవ్వా?” అంది పిల్ల.

“లేవమ్మా.” సొరుగు తెరిచి ఒక చాక్లెట్ తీసి దాని చేతిలో పెట్టింది. నేను డాక్టరమ్మను చూశాను. అంత చదువుకున్న మనిషి! నోటి దాకా వచ్చిన మాటను పళ్ళు లేని చిగుళ్ళతో పట్టి ఆపుకున్నాను.

పిల్ల చాక్లెట్‌ను వెనక్కి తిప్పి, కళ్ళు చికిలించింది. “అక్షరాలు మస్తు చిన్నగున్నయ్. నీ భూతద్దం తెచ్చినవా తాతా?”

“తేలే.”

“అయితే ఇంటికి పోయి చూస్త,” అని గౌను జేబులో వేసుకుంది.

మేము తిరిగి వచ్చేసరికి పక్క గల్లీ దుకాణంలో లడీలు వెలుగుతున్నాయి. అక్కడా పిల్లలున్నారు. ఉన్నారు, నాకు తెలుసు. మా షట్టర్ ముందర ఏడెనిమిది మంది నిలబడి, “ఎంతసేపు! ఎటు పోయిన్రు తాతా?” అని లొల్లి మొదలుపెట్టారు. షట్టర్ ఎత్తాను. మనవరాలు జేబులో చాక్లెట్ సంగతి మరిచిపోయి స్టూలెక్కింది. మధ్యాహ్నం వేడి చేసి పోసిన పుట్నాల సీసా తీసి చెవి దగ్గర ఊపి చూసింది. ఒక బుడ్డోడు చెయ్యి దూర్చి పిడికిలి నింపాడు. చెయ్యి మెడలో ఇరుక్కుంది.

“ఇడువురా కొన్ని,” అంది నా మనవరాలు. “మళ్ల రేపు సుత ఉంటయ్.”

సీసాలో అడుగు కనబడుతోంది. పొద్దున్నే లేచి పురానాపూల్ పోవాలి.